ఎంచేది ఒకరు, కొనేది ఒకరు: బడి పుస్తకం ధర పుట్టుపూర్వోత్తరాలు

1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ తన జిల్లాలోని వీధిబడుల మీద మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. ఎక్కడ ఎన్ని బడులున్నాయో, వాటిలో ఎవరు చదువుతున్నారో లెక్క తీయమని గవర్నరు థామస్ మన్రో అంతకు ముందు ఏడాదే జిల్లాలకు తాఖీదు పంపాడు. చాలామంది కలెక్టర్లు పట్టికలు నింపి పంపి ఊరుకున్నారు. క్యాంబెల్‌కు అది చాలలేదు. అప్పటికే ఆయన తెలుగుకు ఒక వ్యాకరణం (1816), ఒక నిఘంటువు (1821) రాసి ఉన్నాడు. అందుకే కాబోలు, పంతులు పిల్లవాడి చేత ఏం రాయిస్తున్నాడో, దేని మీద, దేనితో రాయిస్తున్నాడో కూడా దగ్గర కూర్చుని చూసినట్టు రాశాడు. ఇప్పటి అనంతపురం సీమ కూడా కలిసి ఉన్న ఆ పాత బళ్ళారి జిల్లాలో మొత్తం 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో తెలుగు బడులు 226.

ఆ నివేదిక ప్రకారం పిల్లవాడి సరంజామా చాలా తక్కువ. మొదట ఇసుకలో వేలితో దిద్దడం. తరవాత మెదిపిన అన్నం, బొగ్గుపొడి పట్టించి నున్నగా చేసిన చెక్క పలక. లేదంటే గంజితో బిరుసెక్కించిన గుడ్డను పుస్తకంలా మడతలు పెట్టి, పైన బొగ్గూ బంకా పట్టించిన కడితం. రాయడానికి బలపం. తడిగుడ్డతో తుడిస్తే రెండూ మళ్ళీ కొత్తవే. పద్యాల పుస్తకాలు లేకపోలేదు గానీ వాటిని పిల్లవాడు కొనేవాడు కాదు, కంఠతా పట్టేవాడు. అర్థం తెలియకుండా చిలకల్లా వల్లిస్తున్నారనీ, వాడే ప్రతులు తప్పుల తడకలనీ క్యాంబెల్ విసుక్కున్నాడు. ఆ విసుగులో న్యాయం ఉంది. డబ్బు వైపు నుంచి చూస్తే మాత్రం ఆ బడిలో పుస్తకం ఖర్చనే పద్దే లేదు. పంతులుకు ఇచ్చుకునేదే ఖర్చు. అదీ మోయలేక, కాళ్ళూ చేతులూ ఆడే వయసు రాగానే పిల్లల్ని పనికి పంపుకుంటున్నారనీ, దేశం బీదదైపోతున్నదనీ, విలాయతీ బట్టలు దిగి ఇక్కడి నేతపనివాళ్ళ సంపాదన పడిపోయిందనీ అదే నివేదికలో ఆయనే రాశాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉంటూ అంతమాట రాసినందుకు ఆయన్ను మెచ్చుకోవాలి.

ఇసుకలో దిద్దించే ఈ పద్ధతి ఇక్కడే ఆగిపోలేదు. క్యాంబెల్ కంటే ముప్ఫై ఏళ్ళ ముందు మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర బడి నడిపిన ఆండ్రూ బెల్ దాన్ని తన బడిలో పెట్టుకున్నాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే ఏర్పాటుతో కలిపి 1797లో లండన్‌లో దాని మీద ఒక పుస్తకం అచ్చువేయించాడు. ఇంగ్లండులో బీదపిల్లలకు బడులు పెట్టిన జోసెఫ్ లాంకాస్టర్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. పుస్తకాన్ని పెద్ద అక్షరాల్లో అచ్చువేసి, పేజీలు విడదీసి, అట్టలకు అంటించి గోడకు తగిలించాడు. పిల్లలు జట్లు జట్లుగా వచ్చి అట్ట ముందు నిలబడి చదవాలి. బడి మొత్తానికి ఒక్క పుస్తకం చాలు. పారిశ్రామిక విప్లవం జరుగుతున్న ఇంగ్లండులో కూడా బడి పుస్తకం బీదవాడికి అందని వస్తువేనన్నమాట.

ఇక్కడ అచ్చు పుస్తకాలు బడిలోకి రావడానికి కొంత కాలం పట్టింది. 1820లో మద్రాసులో స్కూల్ బుక్ సొసైటీ ఏర్పడింది. 19వ శతాబ్దం తొలి సగంలోనే పుదూరు సీతారామశాస్త్రి పేరున బాలశిక్ష వచ్చింది. చేతులు మారి, పెరిగి పెద్దదై, పెద్ద బాలశిక్ష అయింది. వావిళ్ల వారు మొదలుకొని ఎందరో దాన్ని అచ్చువేశారు. అక్షరాలు, గుణింతాలు, ఎక్కాలు, తిథులు, నక్షత్రాలు, అరవై సంవత్సరాల పేర్లు, నీతి వాక్యాలు, శతక పద్యాలు అన్నీ అందులోనే. తెలుగువాళ్ళ ఇళ్ళలో దానికి ఇప్పటికీ ఉన్న గౌరవానికి పాండిత్యం ఒక్కటే కారణం కాదని నా అనుమానం. ఒక్కసారి కొంటే ఇంట్లో పిల్లలందరికీ సరిపోయేది. అన్న చదివాక తమ్ముడు, ఆ తరవాత పిన్ని కొడుకు. తరగతికొక పుస్తకం, సబ్జెక్టుకొక పుస్తకం అన్న ఆలోచన అందులో లేదు.

ఆ ఆలోచనను తెచ్చింది విద్యాశాఖ. 1854లో లండన్ నుంచి విద్యావిధానం మీద ఉడ్స్ డిస్పాచ్ వచ్చింది. మరుసటి ఏడాది మద్రాసులో విద్యాశాఖ పెట్టి, అలెగ్జాండర్ అర్బత్‌నాట్‌ను మొదటి డైరెక్టరుగా వేశారు. అప్పటినుంచి ప్రైవేటు బడికి గ్రాంటు కావాలంటే ఇన్‌స్పెక్టరు వచ్చి చూడాలి, పరీక్ష పెట్టాలి. పరీక్ష అంటే అందరికీ ఒకే పాఠం ఉండాలి. ఒకే పాఠం అంటే ఫలానా పుస్తకమని ఎవరో ఒకరు తేల్చాలి. ఆ తేల్చే పని మొదట అధికారులది, తరవాత టెక్స్ట్ బుక్ కమిటీలది అయింది. డబ్బులు పెట్టేది మాత్రం పిల్లవాడి తండ్రి.

ఈ కథకంతా ఇరుసు ఇదే. కూరల అంగడిలో వంకాయ నచ్చకపోతే బెండకాయ తీసుకుంటాం, ధర నచ్చకపోతే పక్క బుట్ట దగ్గరికి పోతాం. బడి పుస్తకం దగ్గర ఆ వీలు లేదు. ఏది కొనాలో చెప్పేవాడు కొనడు, కొనేవాడికి ఏం కొనాలో చెప్పే హక్కు లేదు. అమ్మేవాడికి ఇంతకంటే హాయి ఏముంది? పుస్తకం బాగుందని పిల్లవాణ్ణి ఒప్పించనక్కర్లేదు, ధర సబబని తండ్రిని ఒప్పించనక్కర్లేదు, కమిటీని ఒప్పిస్తే చాలు.

కమిటీని ఒప్పించడమే ఒక వృత్తి అయింది. చిన్నయసూరి నీతిచంద్రిక (1853) బడి కోసం పుట్టి తరాల తరబడి పాఠ్యంగా నిలిచింది. అంత యోగ్యత అన్నిటికీ లేకపోయినా పోటీకి మాత్రం లోటు రాలేదు. మద్రాసు, రాజమండ్రి, బెజవాడ ప్రచురణకర్తలు వాచకాలు రాయించడం, వాటిని ఆమోదించిన పుస్తకాల జాబితాలో చేర్పించడానికి తిరగడం మొదలైంది. మాక్మిలన్, లాంగ్మన్స్ లాంటి విలాయతీ కంపెనీలు 20వ శతాబ్దం తొలి దశాబ్దాల నాటికే ఈ దేశంలో శాఖలు తెరిచాయి. వాటిని ఇక్కడికి రప్పించింది షేక్స్పియరు మీద మనకున్న మోజు కాదు, బడి పుస్తకాల అమ్మకం. 1910లలో గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు ఒకవైపు, జయంతి రామయ్య పంతులు మరోవైపు నిలబడి చేసిన గ్రాంథిక వ్యావహారిక పోరు కూడా బడి చుట్టూ, పరీక్ష చుట్టూ తిరిగిందే. పరీక్షలో ఏ భాష చెల్లుతుందో ఆ భాషలోనే పుస్తకం అచ్చవుతుంది. భాషాభిమానం సంగతి అటుంచితే, అది అప్పటికే అచ్చై గోడౌన్లో ఉన్న పుస్తకాల సమస్య కూడా.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ ఏర్పాటు మీద పెద్ద దెబ్బ పంజాబులో పడింది. లాహోరు నుంచి దేశవిభజనతో ఇటు వచ్చిన ఉత్తర్ చంద్ కపూర్ అండ్ సన్స్ బడి పుస్తకాల వ్యాపారంలో పేరున్న సంస్థ. 1950 వరకు అక్కడా పాత పద్ధతే. ప్రచురణకర్తలు పుస్తకం, ధర కమిటీ ముందు పెడతారు, కమిటీ ఒక్కో సబ్జెక్టుకు కొన్నిటిని ఆమోదిస్తుంది, వాటిలో ఏది కావాలో హెడ్మాస్టరు ఎంచుకుంటాడు. 1950 మే నుంచి కొన్ని సబ్జెక్టుల పుస్తకాలు ప్రభుత్వమే తయారుచేయడం మొదలుపెట్టింది. 1952 ఆగస్టులో ప్రచురణకర్తలను పూర్తిగా పక్కకు నెట్టి, ఇక నుంచి రచయితలతోనే మాట్లాడతామంది. కాపీరైటు సర్కారుది, రచయితకు అమ్మకం మీద 5 శాతం రాయల్టీ.

కపూర్ సంస్థ వాళ్ళు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. శాసనసభ చట్టం చేయకుండా ప్రభుత్వం వ్యాపారంలోకి ఎలా దిగుతుందనీ, మా వ్యాపార హక్కు ఏమైపోవాలనీ అడిగారు. 1955 ఏప్రిల్ 12న ప్రధాన న్యాయమూర్తి బి.కె. ముఖర్జియా నాయకత్వంలోని అయిదుగురు జడ్జీల ధర్మాసనం వాళ్ళ పిటిషన్ కొట్టేసింది. ప్రతి పనికీ ముందుగా చట్టం ఉండి తీరాలని లేదంది. బడులు మా పుస్తకాలే కొంటాయన్నది మీ ఆశే గానీ హక్కు కాదని వాళ్ళకు తేల్చి చెప్పింది. రాం జవాయా కపూర్ కేసు పేరుతో లా కాలేజీల్లో దీన్ని ఇప్పటికీ చెబుతారు, ప్రభుత్వ అధికారానికి హద్దులేమిటన్న పాఠంలో భాగంగా. దాని వెనకున్నది బడి పిల్లల పుస్తకాల వ్యాపారమని పాఠం చెప్పేవాళ్ళకే చాలామందికి గుర్తుండదు.

ఇలాంటి మలుపు మన ఒక్కరిదే కాదు. 1959 ఫిబ్రవరిలో మెక్సికో అధ్యక్షుడు అడోల్ఫో లోపెస్ మాతేయోస్ ప్రాథమిక బడి పిల్లలందరికీ ఉచితంగా పుస్తకాలు ఇవ్వడానికి ఒక జాతీయ సంఘాన్ని పెట్టి, నవలాకారుడు మార్టిన్ లూయిస్ గుస్మాన్‌ను దానికి పెద్దగా వేశాడు. అక్కడా ప్రచురణకర్తలు గోల చేశారు. అందరికీ ఒకే పుస్తకమా అని అడిగారు. అది అడగవలసిన ప్రశ్నే. పుస్తకం చవక కావడానికీ, ఒక్కరి చేతిలోకి పోవడానికీ మధ్య దూరం పెద్దగా ఉండదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరవాతి ఏళ్ళలో ఇక్కడా తరగతి తరవాత తరగతిగా పుస్తకాల జాతీయకరణ జరిగింది. అంతకు ముందు తెలంగాణ ప్రాంతపు పిల్లల కష్టం వేరు. నిజాం రాజ్యంలో పైచదువు ఉర్దూలో, ఇంట్లో మాట తెలుగులో. ధర సంగతి తరవాత, ముందు తమ భాషలో పుస్తకం దొరకడమే గగనం. హైదరాబాదులో నిజాం నాణేలు ముద్రించిన టంకశాల ఆవరణలోనే ప్రభుత్వ పాఠ్యపుస్తక ముద్రణాలయం వెలిసింది. మా తరంలో తెలుగు దేశమంతటా పుస్తకం చివరి పేజీ తిప్పితే కనిపించిన చిరునామా అదే, మింట్ కాంపౌండ్. సిలబస్ సంగతి మరిచిపోయినవాళ్ళకు కూడా ఆ రెండు మాటలు గుర్తుంటాయి.

సర్కారు పుస్తకం అంత చవకగా ఎలా వచ్చింది? అందులో మాయేమీ లేదు. ఏ పుస్తకానికైనా మొదటి ప్రతి తయారయ్యేదాకా అయ్యే ఖర్చు ఒకటుంటుంది: రాయించడం, బొమ్మలు వేయించడం, కంపోజింగు, ప్రూఫులు. అయిదు వేల ప్రతులు వేస్తే ఆ ఖర్చు ప్రతి పుస్తకం మీదా బరువుగా కూర్చుంటుంది. రాష్ట్రం మొత్తానికి ఒకే ఏడో తరగతి లెక్కల పుస్తకం లక్షల్లో వేస్తే అది పైసల్లోకి దిగిపోతుంది. ఏజెంటు తిరుగుళ్ళు లేవు, బడికి కమీషను లేదు, ఉచిత నమూనా ప్రతులు లేవు. ఇక మిగిలేది కాగితం, ఇంకు, కుట్టు. వాటిలో కాగితమే పెద్ద పద్దు, అక్కడ కేంద్రం చెయ్యివేసింది. బడి పుస్తకాలకు, నోటుపుస్తకాలకు తెల్లకాగితం రాయితీ ధరకు ఇచ్చేది. ఆ సంగతి పుస్తకం లోపల ఒక మూల అచ్చు కూడా వేసేవారు. పశ్చిమ జర్మనీ సాయంతో చండీగఢ్, భువనేశ్వర్, మైసూరుల్లో కేంద్రం పాఠ్యపుస్తకాల కోసమే ముద్రణాలయాలు పెట్టింది.

కాగితం మనకు పరాయిది కాదు. రాజమండ్రిలో మిల్లుంది. సిర్పూరు మిల్లు 1942లో ఉత్పత్తి మొదలుపెట్టాక దాని చుట్టూ లేచిన ఊరి పేరే కాగజ్‌నగర్. అయినా 1970ల మొదట్లో, చమురు ధరలు మండిన రోజుల్లో, కాగితం కరువొచ్చింది. నోటుపుస్తకాలు సన్నబడ్డాయి, వాటి ధర మాత్రం లావెక్కింది. 1975 జులై 1న ఇందిరాగాంధీ ప్రకటించిన ఇరవై సూత్రాల్లో భూసంస్కరణలు, వెట్టిచాకిరీ రద్దులతోపాటు విద్యార్థులకు నియంత్రిత ధరకు పుస్తకాలు, స్టేషనరీ కూడా ఒక సూత్రమైంది. ఎమర్జెన్సీ చీకట్లలో జరిగిన ఘోరాలను ఈ సూత్రం మాఫీ చేయదు. కానీ ఒక దేశ ప్రధాని రేడియోలో నోటుపుస్తకం ధర గురించి మాట్లాడాల్సి వచ్చిందంటే, ఇళ్ళలో ఆ ధర ఎంత నలిగిందో ఊహించుకోవచ్చు. ఆ తరవాత సహకార దుకాణాల ముందు కంట్రోలు నోటుపుస్తకాల కోసం బడి పిల్లలు క్యూ కట్టారు. కాగితం కాస్త గోధుమ రంగు, ఇంకు పెన్నుతో రాస్తే వెనక్కి దిగేది.

ఇప్పుడు ఈ చరిత్రలో ఏ జీవోలోనూ లేని అధ్యాయం చెప్పాలి, సగం ధర పుస్తకాలది.

ముప్ఫై నలభై ఏళ్ళ పాటు తెలుగు ఊళ్ళలో బడి పుస్తకానికి రెండు ధరలుండేవి. అట్ట మీద అచ్చైనది ఒకటి, దానిలో సగం ఇంకొకటి. మార్చి పరీక్షలు అవుతుండగానే పై తరగతి వాళ్ళింటికి కబురు వెళ్ళేది, మీ వాడి పుస్తకాలు మాకే ఇవ్వాలి వదినా అని. ఫలితాలు రాకముందే బేరం కుదిరేది. పుస్తకాలమ్మిన కుర్రాడు తీరా తప్పితే ఆ వేసవంతా రెండిళ్ళ మధ్య మొహమాటం నడిచేది. ధరకు నియమాలుండేవి. ఒక్క చెయ్యి మారితే సగం, రెండు చేతులు మారితే పావు, అట్ట ఊడి మొదటి పాఠం పోతే దయాధర్మం. లెక్కల పుస్తకంలో అంచుల వెంట జవాబులు రాసి ఉంటే ధర తగ్గాలా పెరగాలా అన్నది మాత్రం చివరిదాకా తేలని సమస్య. చిల్లుపడిన సోషల్ పుస్తకానికి మైదాపిండి ఉడకబెట్టి, పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపి, పాత సిమెంటు బస్తా కాగితంతో అట్ట వేసి, సూదీదారంతో నడుం కుట్టేవారు. పేరు రాసే చోట ముగ్గురు నలుగురి పేర్లు ఒకదాని కింద ఒకటి కొట్టేసి ఉండేవి.

వేసవి దాటితే ఈ వ్యాపారం ఊళ్ళ నుంచి పట్నాలకు పాకేది. హైదరాబాదులో కోఠి, బెజవాడలో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాలు జూన్ నెలలో కిటకిటలాడేవి. మన పుస్తకాలు తెచ్చి ఇచ్చి, పై తరగతివి తీసుకుని, తేడా కడితే చాలు.

ఈ సంత నడవడానికి రెండు కారణాలున్నాయి, రెండూ జాతీయకరణ పెట్టిన భిక్షే. రాష్ట్రమంతా ఒకే పుస్తకం కాబట్టి శ్రీకాకుళంలో చదివిన పుస్తకం చిత్తూరులోనూ చెల్లేది. సిలబస్ ఏళ్ళ తరబడి మారేది కాదు కాబట్టి నిరుటి పుస్తకం ఈ ఏడాదీ పనికొచ్చేది. పాఠాలు పాతబడ్డాయని పండితులు బాధపడిన ప్రతి ఏడూ తల్లిదండ్రులు తేలికగా ఊపిరి పీల్చుకున్నారు. సిలబస్ మారుతుందన్న పుకారు పుడితే చాలు, పాత పుస్తకం ధర ఒక్క రోజులో పడిపోయేది.

సర్కారు పుస్తకానికి జబ్బు లేదని కాదు. చవకే గానీ వేళకు రాదు. బడులు జూన్‌లో తెరిస్తే కొన్ని పుస్తకాలు దసరా నాటికి అందిన ఏళ్ళున్నాయి. కరువున్న చోట దుకాణదారు రాజు. గైడు కొంటేనే టెక్స్టు బుక్కు ఇస్తానన్న మాట అప్పుడు చదువుకున్న వాళ్ళలో వినని వాళ్ళు తక్కువ. నాలుగు రూపాయల సర్కారు పుస్తకం దొరకాలంటే దానికి రెండు మూడింతల ధర పలికే గైడు తోడు కొనాల్సిందే. సర్కారు ధర తగ్గించగలిగింది పుస్తకానికే. దాని పక్కన మొలిచిన గైడుకు, క్వశ్చన్ బ్యాంకుకు, ఆల్ ఇన్ వన్‌కు ఏ కంట్రోలూ లేదు. తెలుగునాట ప్రచురణ రంగంలో పెద్ద పెద్ద మేడలు కట్టింది కవిత్వమూ కాదు, నవలా కాదు, గైడే.

ఉచితం అన్న మాట మెల్లగా వచ్చింది. మొదట ఎస్సీ, ఎస్టీ పిల్లలకు, సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో ఉన్నవాళ్ళకు. 2001లో మొదలైన సర్వశిక్షా అభియాన్ ఆడపిల్లలందరికీ, ఎస్సీ, ఎస్టీ పిల్లలకూ ఎనిమిదో తరగతి దాకా పుస్తకాలు ఉచితంగా ఇవ్వడానికి తలకు 150 రూపాయల పరిమితి పెట్టి నిధులిచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చాక సర్కారు బడిలో ఎనిమిదో తరగతి దాకా పిల్లలెవరికైనా పుస్తకం హక్కే అయింది. 2018 నుంచి సర్వశిక్షా అభియాన్ స్థానంలో వచ్చిన సమగ్ర శిక్ష ఆ పరిమితిని ప్రాథమిక తరగతులకు 250, ప్రాథమికోన్నత తరగతులకు 400 రూపాయలు చేసింది. తెలుగు రాష్ట్రాలు రెండూ పదో తరగతి దాకా ఇస్తున్నాయి. ప్రభుత్వాలు మారినప్పుడు కిట్టు పేరు, సంచీ రంగు మారతాయి గానీ ఇవ్వడం ఆగలేదు. ఇంగ్లీషు మీడియం వచ్చాక ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా ద్విభాషా పుస్తకాలు వేస్తున్నారు. ఇది మంచి ఆలోచన. అయితే కాగితం రెట్టింపు, బరువు రెట్టింపు, ఒక పుస్తకం రెండు భాగాలు.

పుస్తకం సర్కారు చేతిలో ఉంటే వచ్చే విడ్డూరాలు కొన్ని వేరే రకం. 2024 జూన్‌లో తెలంగాణలో బడులు తెరిచిన రోజు పంచిన తెలుగు వాచకాల ముందుమాటలో పాత ముఖ్యమంత్రి పేరే ఉండిపోయింది. ఇచ్చినవి ఇచ్చినట్టే వెనక్కి తీసుకుని, ఆ పేజీని అంటించేసి మళ్ళీ పంచారు. అన్ని లక్షల పుస్తకాలకు జిగురు పూసిన టీచర్ల ఓపికకు దండం పెట్టాలి. పాఠాల్లో అచ్చుతప్పు దొర్లితే ఇంత హడావుడి ఎన్నడూ చూడలేదు.

ఇంతకూ, పుస్తకం ఉచితమయ్యాక ఇంటి ఖర్చు తగ్గిందా? 2025 ఏప్రిల్ నుంచి జూన్ దాకా జాతీయ నమూనా సర్వే 80వ విడతలో భాగంగా దేశవ్యాప్తంగా బడి ఖర్చులు అడిగారు. సర్కారు బడి పిల్లవాడి మీద ఏడాదికి సగటున 2,863 రూపాయలు, సర్కారుది కాని బడిలో 25,002 రూపాయలు అవుతోందని తేలింది. అన్ని బడులూ కలిపి చూస్తే కోర్సు ఫీజు 7,111 రూపాయలు. దాని వెంటనే రెండో స్థానంలో నిలిచింది పుస్తకాలు, స్టేషనరీ: 2,002 రూపాయలు. దేశంలో సగానికి పైగా పిల్లలు చదివే సర్కారు బడుల్లో పుస్తకం ఉచితంగా ఇచ్చి కూడా సగటు అంత తేలిందంటే, మిగతా చోట్ల ఎంత పెడుతున్నారో లెక్క వేసుకోండి.

మిగతా చోట్ల జరుగుతున్నది చూస్తే 1950కి ముందు పంజాబు గుర్తొస్తుంది, కాస్త తేడాతో. అప్పుడు కమిటీ ఒకటి ఆమోదించిన జాబితా ఇచ్చేది, ధర తన ముందు పెట్టమనేది. ఇప్పుడు ఏ బడికా బడే కమిటీ. పదో తరగతి పరీక్ష దగ్గరికి వచ్చేసరికి బోర్డు పుస్తకమే గతి. ఎల్‌కేజీ నుంచి ఏడో, ఎనిమిదో దాకా మాత్రం చాలా ప్రైవేటు బడుల్లో ఎవరి పుస్తకాలు వాళ్ళవి. పుస్తకాలు విడిగా దొరకవు, సెట్టుగానే కొనాలి. సెట్టు బడి కౌంటర్లో, లేదా వాళ్ళు చెప్పిన ఒకే ఒక దుకాణంలో ఉంటుంది. అందులో ఆరో తరగతి పిల్లవాడికి ఐఐటీ ఫౌండేషన్ ఉంటుంది, బడి పేరు అచ్చైన నోటుపుస్తకాలుంటాయి, అదే పేరున్న లేబుళ్ళు, అట్టలు కూడా ఉంటాయి. బిల్లు వేలల్లో ఉంటుంది.

ఈ సెట్టులో నాకు అన్నిటికంటే తెలివైనదిగా కనిపించేది ధర కాదు, ఖాళీలు. పాఠం చివర ప్రశ్నలకు జవాబు నోటుపుస్తకంలో కాదు, ఆ పుస్తకంలోనే రాయాలి. జతపరచమంటే అక్కడే గీత గీయాలి, బొమ్మకు అక్కడే రంగు వేయాలి, స్టిక్కరు అక్కడే అంటించాలి. పిల్లలకు సరదాగానే ఉంటుంది, బోధనలో దానికి ఒక విలువా ఉంది. కానీ మార్చి నెల వచ్చేసరికి ఆ పుస్తకం ఇంకెవరికీ పనికిరాదు. ఒకవేళ పిల్లవాడు ఏమీ రాయకుండా జాగ్రత్తగా దాచినా, వచ్చే ఏడాది బడి వేరే ప్రచురణకు మారుతుంది, లేదా అదే పుస్తకం పాఠాల వరస మార్చుకుని కొత్త ముద్రణగా వస్తుంది. సగం ధర సంత మూతపడటానికి ఎవరూ చట్టం చేయనక్కర్లేకపోయింది. చెల్లెలు అక్క పుస్తకం వాడుకోవడానికి ఇక వీల్లేదు. ఆ ఇంట్లో అదే పాఠానికి రెండుసార్లు డబ్బు కడతారు.

మంచి పుస్తకానికి ఖర్చవుతుంది, సర్కారు పుస్తకాల ముద్రణ నాసిరకం అని ప్రైవేటు బడుల వాదన. అందులో కొంత నిజముంది. రెండో వైపు లెక్క కూడా చూడాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా పుస్తకం ఒక్కొక్కటి 65 రూపాయలకు, రంగుల బొమ్మలతో అమ్ముతోంది. తొమ్మిది నుంచి పన్నెండు దాకా ధరలను 20 శాతం తగ్గిస్తున్నట్టు 2024 డిసెంబరులో ప్రకటించింది. అదే ఎత్తు, అన్నే పేజీలున్న ప్రైవేటు పుస్తకం దానికి నాలుగైదు రెట్లు పలకడం మామూలు. ఆ తేడా అంతా కాగితానిదీ బొమ్మలదీ అని నన్ను నమ్మమంటే నమ్మను. అందులో బడి వాటా ఎంత ఉందో బిల్లు మీద ఎక్కడా రాయరు.

కాగితం సంగతి ఇంకా ముగియలేదు. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ మొదటినుంచీ లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి నోటుపుస్తకాల మీద ఉన్న 12 శాతాన్ని కూడా ఎత్తేశారు, వాటికి వాడే కాగితం మీద కూడా లేదన్నారు. అదే రోజు మిగతా అచ్చు కాగితం మీద పన్ను 12 నుంచి 18 శాతానికి పెరిగింది. ఒకే మిల్లులో ఒకే రకం కాగితం రూళ్ళ నోటుపుస్తకానికి వెళితే పన్ను లేదు, లెక్కల పాఠ్యపుస్తకానికి వెళితే 18 శాతం. పుస్తకం మీద పన్ను లేదు కాబట్టి కాగితం మీద కట్టిన పన్నును ప్రచురణకర్త వెనక్కి రాబట్టుకోలేడు. ప్రైవేటు సెట్టయితే దాన్ని ధరలో కలుపుతాడు. ఉచిత పుస్తకమైతే రాష్ట్ర ఖజానా కడుతుంది, సమగ్ర శిక్ష ఇచ్చే 250, 400 రూపాయల పరిమితి మాత్రం 2018లో పెట్టిందే.